రత్నమ్మక్కకు అది ఎందుకు వచ్చింది

నిన్న సాయంత్రం మదనపల్లెలో ఒక సందులోంచి నడుస్తుంటే ఉడికిన పట్టుగూళ్ల వాసన వచ్చింది. ఎక్కడో ఇంకా పట్టుదారం తీసే రీలింగు బేసిన్ ఒకటి నడుస్తున్నట్టుంది. తెలియనివాళ్లు ముక్కు మూసుకుని దాటిపోయే వాసన అది. వేడినీళ్లలో గూడుతో పాటు లోపలి పురుగు కూడా ఉడుకుతుంది. ఆ కంపు చీరకూ జుట్టుకూ పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. నేను మాత్రం గోడ పక్కకు జరిగి కాసేపు అక్కడే నిలబడ్డాను. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న నాకు లెక్కలు వచ్చింది బడిలో కాదు, ఆ వాసనలో. నేర్పిన మనిషి పేరు నాగరత్నమ్మ. మా అందరికీ రత్నమ్మక్క. మలద్వారానికి క్యాన్సర్ వచ్చి చనిపోయింది. ఆమె ఇంట్లోవాళ్లు ఇప్పటికీ కడుపులో పుండు అనే చెబుతారు.

రత్నమ్మక్క పుట్టింది పుంగనూరు. భర్త లారీ డ్రైవరు, ఎంకటప్ప. టమోటా లోడుతో కలకత్తా దాకా వెళ్లేవాడు. ఇంటి దగ్గర ఉన్న రోజుల కన్నా రోడ్డు మీద ఉన్న రోజులే ఎక్కువ. ఆయన రాకపోకల మీద ఆధారపడకుండా ఆమె మదనపల్లెలో రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని చిన్న రీలింగు యూనిట్ పెట్టింది. గూళ్లు కొనడం, ఏరడం, ఉడికించి దారం తీయించడం, అన్నీ తనే చూసుకునేది. నేను గూళ్లు ఏరే పనికి చేరాను. చేరిన కొద్ది రోజులకే నన్ను వెంటబెట్టుకుని కుప్పం వైపు గూళ్లు కొనడానికి బయలుదేరింది. ఎందుకు నన్నే అని అడిగితే, "నువ్వు ఊరికే లెక్కపెడతాంటావు మే, బస్సు కిటికీలో స్తంభాలు గూడా. ఆ పిచ్చిని పనికి పెడదాం" అంది.

కుప్పం గూళ్ల మార్కెట్లో, గుడుపల్లె నుంచి వచ్చిన ఒక రైతు రాశి ముందు నిలబడ్డాం. గూళ్లు తెల్లగా, గట్టిగా, చూడముచ్చటగా ఉన్నాయి. నేను ఆ మాటే అన్నాను.

"పైన ఎప్పుడూ బాగానే ఉంటాయి. పైన బాగలేకుండా పెట్టే తిక్కలోడు యాడుంటాడు? చెయ్యి అడుక్కి పోనీ," అంది రత్నమ్మక్క. తనే మోచేతి దాకా రాశిలోకి దూర్చి, అడుగు నుంచి ఒక పిడికెడు, నడిమి నుంచి ఒక పిడికెడు, మూల నుంచి ఒక పిడికెడు తీసింది. రైతు నవ్వాడు. "పెండ్లి సూపులకి పోయినా ఇట్లనే జేస్తావేమో తల్లీ."

"చేసింటే బాగుండుప్పా. చెయ్యకనే ఇట్ల షెడ్డులో ఉండాను," అంది ఆమె. చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. ఆ పిడికిళ్లలో చెడ్డవి ఎన్ని, మంచివి ఎన్ని అని నా చేత చెప్పించింది. శాతం అనే మాట నాకు మొదటిసారి అర్థమైంది ఆ రోజే. కొన్ని చూసి మొత్తం సంగతి చెప్పవచ్చు. కానీ ఆ కొన్నింటిని ఎక్కడి నుంచి తీశామన్నదే అసలు సంగతి.

ఇంకోసారి, మరకపడిన గూళ్లున్న రాశి దగ్గర మా షెడ్డు కుర్రాడొకడు, "వానకి తడిసిన సరుకక్కా, ధర తగ్గించు" అన్నాడు. రైతు ముఖం వాడిపోయింది. తడవలేదమ్మా అని అతను చెబుతూనే ఉన్నాడు. రత్నమ్మక్క బ్లేడుతో ఒక గూడు కోసింది. లోపల పురుగు చచ్చి కుళ్లి, ఆ రసం ఊరి పైకి మరకగా తేలింది. "తడిస్తే మరకైతాది, నిజమే. మరకైందంతా తడిసిందే అంటే ఎట్ల? ఇది వానకీ అవుతాది, రోగానికీ అవుతాది, పక్క పురుగు కక్కితే గూడా అవుతాది. బయటి నుంచి సూసి ఏది అని చెప్పలేవు." ఆ తర్వాత నేను ఎన్నో పుస్తకాలు అడుక్కుని చదివాను, సంభావ్యత అనే పెద్ద మాట నేర్చుకున్నాను. అందులోనూ చివరికి ఉన్నది ఈ సంగతే. కారణం నుంచి ఫలితానికి వచ్చిన దారిలోనే ఫలితం నుంచి కారణానికి వెనక్కి నడవలేము.

అంత తెలిసిన మనిషి తన ఒంటి విషయంలో చేసిన పని గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అయితే ఆ కోపం ఆమె మీద మాత్రమే కాదు.

దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడటం మొదలైతే ఆమె దాన్ని వేడి అంది. పొయ్యి పక్కన బేసిన్ ముందు పగలంతా కూర్చునే పని. అక్కడ పనిచేసే ఆడవాళ్లలో మొలలు లేనివాళ్లు తక్కువ. ఎవరికైనా రక్తం పడితే మిగిలినవాళ్లు మజ్జిగ తాగమనేవాళ్లు, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేవాళ్లు, మిరపకాయ మానమనేవాళ్లు. రత్నమ్మక్కా అన్నీ చేసింది. తగ్గలేదు. దురద కూడా మొదలైతే మందుల షాపులో పూత మందు తెచ్చుకుంది. దురద తగ్గలేదు. పుంగనూరులో మొలలకు పొడి ఇచ్చే ఒకాయన దగ్గరికి వెళ్లి వచ్చింది. ఏమన్నాడని అడిగాను.

"నాడి పట్టుకుని సూసినాడు. మొలలేనన్నాడు."

"మొలలు నాడిలో ఉంటాయా అక్కా?"

"ఆడమనిషిని ఆ చోట ఎట్ల సూస్తాడే? సూడకుండానే కనిపెట్టేసినాడు, గొప్పోడు," అని తనే నవ్వింది. ఆ నవ్వుతో మాట అక్కడ ఆగిపోయింది. ఏడాది పైగా అలాగే గడిచింది. షాపువాడు చూడలేదు, పొడి ఇచ్చినవాడు చూడలేదు, మధ్యలో సూది వేసిన కాంపౌండరు చూడలేదు. చూపించాలని ఆమె అనుకోలేదు, చూడాలని వాళ్లు అనుకోలేదు. అందరూ కలిసి ఒక పేరు మాత్రం ఖాయం చేశారు. ఒక రాశినైనా అలా కొననివ్వని మనిషి ఆమె.

ఒక రోజు బేసిన్ దగ్గర నిలబడే పని చేస్తుంటే గమనించాను. కూర్చోలేకపోతోంది. పక్కకు పిలిచి అడిగితే, ద్రాక్షకాయంత గడ్డ చేతికి తగులుతోందని మెల్లగా చెప్పింది. ఆ వారం గూళ్ల కోసం కుప్పం వెళ్లినప్పుడు నేను ఆమెను మార్కెట్‌కు తీసుకుపోలేదు. ఆటో ఎక్కించి అక్కడి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాను. దారిపొడవునా తిట్టింది. ఆసుపత్రిలో డాక్టరు ఆడమనిషి కావడంతో లోపలికి వచ్చింది. లేకపోతే గేటు నుంచే వెనక్కి తిరిగేది.

ఆ డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుని చూసింది. చూడటానికి పట్టిన సమయం చాలా తక్కువ. "ఇంతకు ముందు దీన్ని ఎవరు చూశారమ్మా?" అని అడిగింది. రత్నమ్మక్క నా వైపు చూసింది. ఎవరూ చూడలేదని నేనే చెప్పాను. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. మళ్లీ రమ్మన్న రోజున వెళ్తే, ఇవి మొలలు కావు, క్యాన్సర్ అని ఆమె నిదానంగా చెప్పింది.

రత్నమ్మక్క ఏడవలేదు. "మొలలు ముదిరి ఇట్లయిందా?" అని అడిగింది.

"లేదు. మొలలు ముదిరి క్యాన్సర్ అవ్వవు. రెండూ పైకి ఒకేలా ఉంటాయి, రెండింట్లోనూ రక్తం పడుతుంది, అంతే. వేడి వల్ల కాదు, కారం వల్ల కాదు, కూర్చోవడం వల్ల కూడా కాదు."

"మరి యాల వచ్చింది నాకు?"

డాక్టరమ్మ ముందు తను అడగవలసినవి అడిగింది. బీడీ, సిగరెట్టు తాగుతారా అంది. "ఆకువక్క నములుతానమ్మా. మా ఆయన తాగిన పొగంతా నేను పీల్చినా. అది లెక్కలోకి వస్తాదా?" అంది రత్నమ్మక్క. పొగ తాగేవాళ్లకే ఈ ముప్పు పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గినవాళ్లకు, అంటే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, కిడ్నీలాంటి అవయవం మార్పించుకుని దానికి మందులు వాడేవాళ్లకు కూడా ఎక్కువని చెప్పి హెచ్‌ఐవీ పరీక్ష చేయించింది. ఆమెకు అది లేదు. తర్వాత గర్భసంచి గురించి అడిగింది.

"అది ఎప్పుడో తీసేసినారు. తెల్లబట్టయితాంటే, ఉంచుకుంటే క్యాన్సరొస్తాది తీసెయ్యమన్నారు. మా వీధిలో సగం మందికి లేదమ్మా."

"తీసినదాన్ని పరీక్షకు పంపారా? గర్భసంచి ముఖద్వారం ఎలా ఉందన్నారు?"

"పళ్లెంలో పెట్టి మా ఆయనకి సూపించినారు. బాగా చెడిపోయిందన్నారు. అంతే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. మాకు తెలిసిన ఆడవాళ్లందరికీ అలాగే జరిగింది. తీసినదాన్ని పళ్లెంలో పెట్టి వరండాలో ఉన్న మగవాళ్లకు చూపిస్తారు. చూసి తల ఊపుతారు. చెడింది పోయింది, ఇంక క్యాన్సర్ భయం లేదనుకుని ఆడవాళ్లు ఇంటికి వస్తారు. రత్నమ్మక్క కూడా ఆ ధీమాతోనే అన్నేళ్లూ ఉంది. రక్తం పడినప్పుడు క్యాన్సరేమో అని ఒక్క క్షణం కూడా అనుకోకపోవడానికి కారణం అదే. నాకు తీసేసినారు కదా అనేది. ఆ నర్సింగ్ హోము ఇప్పుడు లేదు. అక్కడ బట్టల కొట్టు ఉంది.

తర్వాత డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. హెచ్‌పీవీ అని ఒక వైరస్ ఉంది. చాలా సాధారణమైనది. ఒక మనిషితో మాత్రమే కాపురం చేసినవాళ్లకు కూడా రావచ్చు. శరీర సంబంధం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు అంటుకుంటుంది. చాలామందిలో ఏమీ చేయకుండా దానంతటదే పోతుంది. కొద్దిమందిలో మిగిలిపోయి, ఏళ్లు గడిచాక క్యాన్సర్ అవుతుంది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తెచ్చేదీ అదే, మలద్వారం క్యాన్సర్లలో చాలావాటికి కారణమూ అదే. అక్కడ కణాలు చెడినవాళ్లకు ఇక్కడా చెడే అవకాశం ఎక్కువ. "అప్పుడు ముఖద్వారంలో ఏం కనబడిందో ఎవరైనా చెప్పి ఉంటే, మిమ్మల్ని జాగ్రత్తగా గమనించమనేవాళ్లు. అందులో ఏం ఉందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు," అంది.

"ఎవురి నుంచి వచ్చిందో తెలిస్తాదా?"

"తెలియదమ్మా. ఎప్పుడు వచ్చిందో కూడా తెలియదు. ఎక్కువమందితో సంబంధాలు ఉన్నవాళ్లకు, వెనక వైపు సంబంధం ఉన్నవాళ్లకు అవకాశం పెరుగుతుంది. కానీ అవేవీ లేకుండానే వచ్చినవాళ్లను నేను చూశాను. వచ్చింది కదా అని అవి ఉన్నట్టు కాదు."

రత్నమ్మక్క తల పంకించింది. బయటికి వచ్చాక నాతో, "చదువుకున్నామె సరిగ్గా చెప్పింది మే. తెలీనిది తెలీదనింది," అంది. ఆమె నోట మెప్పు చాలా అరుదుగా వచ్చేది.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. దీనికి చాలామందికి కత్తి అక్కర్లేదు, కరెంటు పెడుతూ మందు ఎక్కిస్తే నయమయ్యే అవకాశం బాగానే ఉంది, కానీ మధ్యలో ఆపకూడదు. కరెంటు అంటే రేడియేషన్. మా వైపు అందరూ అలాగే అంటారు. తిరుపతిలో మొదలుపెట్టారు. తోడుగా కొడుకు హరి వచ్చాడు. పుంగనూరులో అతనికి మొబైల్ షాపు ఉంది. చెడ్డవాడని చెప్పలేను. మొదటి వారాల్లో తల్లిని పసిపిల్లలా చూసుకున్నాడు. ఎందుకు వచ్చిందని అతను అడిగినప్పుడు రత్నమ్మక్క డాక్టరమ్మ చెప్పినదంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. చెప్పకపోతే బతికేదేమో అని నాకు అనిపిస్తుంది. అయితే చెప్పకుండా ఉంటే అది రత్నమ్మక్క కాదు.

కరెంటు సగంలో ఉండగా, ఒళ్లు కాలి పుళ్లు పడ్డాయి, వారం విశ్రాంతి అని హరి ఆమెను పుంగనూరు తీసుకుపోయాడు. వారం దాటింది. ఫోన్ ఎత్తడం లేదు. ఇంకా కొన్ని రోజులు చూసి నేను బస్సెక్కాను.

ఆమె వసారాలో చాప మీద ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంది. కోడలు లావణ్య నాకు మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. హరి షాపుకు వెళ్లలేదు.

"తిరుపతికి యాల పోలేదు హరీ?"

"పుండ్లు మానాల కదక్కా."

"మానేదానికి వాళ్లే మందిస్తారు. ఆపొద్దని చెప్పినారా లేదా?"

హరి గుమ్మం పట్టుకుని గొంతు తగ్గించి అన్నాడు. "ఆ వార్డులో మన పుంగనూరోళ్లే ఉండారు. ఏమొచ్చిందిరా మీయమ్మకి అంటారు. ఏమని చెప్పేది? గర్భసంచంటే అది లేదని వీధికంతా తెలుసు. ఫోన్లో ఒక డాక్టరు వీడియో సూసినా, దాంట్లో ఏం చెప్పినాడో నువ్వు వినలేదు. యాల వస్తాదంటే, మొదట వైరసన్నాడు. రెండోది, ఎక్కువమందితో..."

అక్కడ ఆగాడు. రత్నమ్మక్క కళ్లు తెరిచింది. "పూర్తిగా చెప్పరా. నోరు రాలేదా?"

అతను తల్లి ముఖం వైపు చూడకుండా, "పొడి మందు ఇప్పిస్తా. ఇంట్లోనే ఉండు. మళ్లా ఆ బస్సెక్కితే ఈ గడప తొక్కద్దు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఎదురుగా గోడ మీద ఎప్పుడో చనిపోయిన ఎంకటప్ప ఫోటో, దానికి దండ, ఊదొత్తి. "మీయమ్మని అనుమానించే ముందర ఆ ఫోటోలో మనిషిని అడుగు. కలకత్తా దాకా పోయొచ్చింది మీయమ్మ కాదు," అన్నాను.

"మే, గమ్మునుండు," అంది రత్నమ్మక్క. అంత నీరసంలోనూ గొంతు షెడ్డులో పలికినట్టే పలికింది. "నేను నీకు నేర్పింది ఇదేనా? మరక సూసి వానన్న పిల్లోడికీ నీకూ తేడా ఏముండాది? ఆయప్ప యాడ ఏం జేసినాడో నాకు తెలీదు. తెలీనిదాన్ని పట్టుకుని వాడు నన్నంటాండాడు, నువ్వు ఆయప్పనంటాండావు. ఇద్దరిదీ ఒకటే తప్పు లెక్క." కాస్త ఊపిరి తీసుకుని కొడుకుతో, "ఆటో పిలువురా. నువ్వు పిలవకపోతే ఇది పిలుస్తాది," అంది.

హరి కదలలేదు. ఆటో నేనే పిలిచాను. లావణ్య బట్టల సంచి సర్ది తెచ్చి ఆటోలో పెట్టింది. హరి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

తిరుపతిలో మళ్లీ మొదలుపెట్టారు. అక్కడి డాక్టరు మమ్మల్ని కోప్పడలేదు. ఆగిన ఆ రోజుల్లో మిగిలిన కణాలు పెరుగుతాయని, ఆ నష్టాన్ని తర్వాత పూర్తిగా పూడ్చలేమని మాత్రం చెప్పాడు. నేను షెడ్డు పని ఇంకొకరికి అప్పగించి ఆమెతో ఉండిపోయాను. కరెంటు పూర్తయింది. కొన్ని నెలలు బాగానే ఉంది, బేసిన్ దగ్గరికి కూడా వచ్చింది. తర్వాత గజ్జల్లో గడ్డలు తేలాయి, ఆ తర్వాత ఊపిరితిత్తులకు పాకింది.

చివరి రోజుల్లో మదనపల్లెలో మా ఇంట్లోనే ఉంది. ఒక మధ్యాహ్నం అడిగింది. "మొదట్లోనే సూపించింటే బతికింటానా మే?"

"చాలామంది బతుకుతారక్కా."

"నేను?"

"ఒక్క మనిషికి శాతం ఉండదక్కా."

"అది నేను చెప్పిందే కదే," అని నవ్వింది. తర్వాత గోడ వైపు తిరిగి, "నా కొడుకు మాత్రం నా మీద తప్పు నూటికి నూరు కట్టినాడు," అంది. కొడుకు గురించి ఆమె నా ముందు అన్న చివరి మాట అదే.

శవాన్ని పుంగనూరు తీసుకుపోయారు. అన్నీ పద్ధతిగా చేశారు. కర్మల నాడు నేనూ వెళ్లాను. వచ్చినవాళ్లకు హరి, కడుపులో పుండు, పొయ్యి దగ్గర పని కదా, వేడి, అని చెబుతున్నాడు. వాళ్లు అవునవునని తల ఊపుతున్నారు. వినేవాళ్లలో తెల్లారి లేస్తే బేసిన్ల ముందు కూర్చునే ఆడవాళ్లూ ఉన్నారు. రక్తం పడితే మజ్జిగ తాగాలని వాళ్లు ఆ రోజు ఇంకొకసారి నేర్చుకుని వెళ్లారు. నేను నోరు తెరిచి చెప్పాను, అది మలద్వారం క్యాన్సర్, చూపించుకోకపోవడం వల్ల ముదిరింది అని. హరి నా చేతిలోని విస్తరి తీసుకుని పక్కన పెట్టాడు.

సందు చివర లావణ్య నన్ను అందుకుంది. పరుగున వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"అక్కా, ఆ వీడియో ఆయన సగంలోనే ఆపేసినాడు. నేను తర్వాత మొత్తం సూసినా. ఆ వైరస్ రాకుండా ఆడపిల్లలకి సూది ఉండాదంట కదా. మా పాపకి యాడ ఏస్తారు?"

కనుక్కుని చెబుతానన్నాను. మరుసటి నెల పాపను తీసుకుని ఆమె మదనపల్లె వచ్చింది. పిల్లకు పదకొండేళ్లు, నాయనమ్మ కళ్లు. సూది వేయించుకుని బయటికి వచ్చాక జబ్బ రుద్దుకుంటూ, "ఇది దేనికమ్మా?" అని అడిగింది.

"మీ నాయన అడిగితే, కుక్క గీరింది, దానికని చెప్పు," అంది లావణ్య. నా వైపు చూడకుండానే అంది.

పాప నన్ను చూసింది, నిజమా అన్నట్టు. రత్నమ్మక్క అయితే ఆ పిల్లను అక్కడే బల్ల మీద కూర్చోబెట్టుకుని, ఇది ఫలానా జబ్బుకు, మీ నాయనమ్మకు వచ్చింది అదే అని విప్పి చెప్పేది. ఆ మాట నా నాలుక దాకా వచ్చింది. రెండో సూది ఇంకా ఉంది. దానికి పాపను మళ్లీ పంపాలంటే ఆ ఇంట్లో ఈ సంగతి తెలియకూడదు.

"అవును పాపా, కుక్క సూదే," అన్నాను. నిజం చెప్పిన మనిషిని ఆ ఇల్లు సగం వైద్యంలో చాప మీద పడుకోబెట్టింది. ఈ పిల్లకు కాపుదల ఒక అబద్ధం చాటున వచ్చింది. ఆమె దగ్గర నేర్చుకున్న లెక్కలన్నీ నాకు గుర్తున్నాయి. ఆ రోజు ఆ పిల్లకు చెప్పిన మాట ఒక్కటి వాటిలో దేనికీ ఒదగదు. రెండో సూదికి కూడా అదే చెప్పాను.